సాయంత్రం ఐదింటి రిపోర్టు

ఆర్మరర్ దస్తగిరికి ఒక అలవాటుండేది. ఎవరు ఏ ప్రశ్న అడిగినా ముందు ఒక పాత ఫ్లానెల్ గుడ్డ వాళ్ల చేతికిచ్చేవాడు. జవాబు వెంటనే వచ్చేది కాదు. ఒక్కోసారి ఆ పూటే వచ్చేది, ఒక్కోసారి వారానికి వచ్చేది, కొన్నిటికి అసలు వచ్చేదే కాదు. ఈలోపు అడిగినవాడు, చేతిలో గుడ్డ ఉంది కదా అని, ఎదురుగా ఉన్న తుపాకిని తుడుస్తూ కూచునేవాడు. పటాలంలో సగం తుపాకులు ఇలా ఇతరుల సందేహాలతోనే శుభ్రపడుతున్నాయని గిట్టనివాళ్లు అనేవాళ్లు. అందులో కొంత నిజం లేకపోలేదు.

సెల్‌ఫోన్లు ఇంకా రాని రోజులవి. రాయలసీమలో ఒక పోలీసు పటాలం. దాని ఆయుధాల గదికి పాతికేళ్లుగా దస్తగిరే పెద్ద. తుపాకులు విప్పడం, తుడవడం, నూనె వేయడం, మళ్లీ బిగించడం, ఇంతే ఆయన ఉద్యోగం. ఇంటి సంగతులు ఎవరికీ పెద్దగా తెలియవు. క్వార్టర్‌లో ఒక్కడే వండుకుని ఒక్కడే తినేవాడు. ఆయన దగ్గర పని నేర్చుకోవడానికి ఆ ఏడు సుంకన్న వచ్చాడు. ఇరవయ్యేడేళ్లవాడు, ట్రైనింగులో అందరికంటే ఎక్కువ మార్కులు తెచ్చుకున్నవాడు, రూల్సు పుస్తకం ఈ అట్ట నుంచి ఆ అట్ట దాకా నోటికి వచ్చినవాడు. పెళ్లి కాలేదు. పటాలం వెనక వీధిలో ఒక గది అద్దెకు తీసుకున్నాడు గానీ, ఆ గదిలో నిద్రపోవడం తప్ప ఇంకేం చేయాలో తోచేది కాదు. ఆదివారం దగ్గర పడుతుంటే అతనికి దిగులు పుట్టేది. ఆ మాట ఎవరితోనూ అనలేదు, అనడానికి ఎవరున్నారు కనక.

ఆ ఏటి ఫైరింగ్ పరీక్షలో ఓబులేసు రైఫిల్ మొరాయించింది. ఓబులేసు కానిస్టేబుల్, యాభై దాటినవాడు. ఊరికి ఆరు మైళ్ల దూరంలో ఉన్న వైర్‌లెస్ కొండ మీద పదమూడేళ్లుగా కాపలా ఉంటున్నాడు. అతని రైఫిల్ ఎస్సెల్లార్. అంటే మీట నొక్కిన ప్రతిసారీ ఒక రౌండు పేలి, ఖాళీ తొడుగును బయటికి విసిరి, తర్వాతి రౌండును తనంతట తానే ఎక్కించుకోవాలి. ఓబులేసుది పది రౌండ్లలో మూడుసార్లు ఎక్కించుకోకుండా మధ్యలో ఆగిపోయింది. పై అధికారి అందరి ముందూ నోటికొచ్చినట్టు తిట్టాడు. కొండ మీద పడి నిద్రపోతున్నావు, తుపాకి మొహం చూసి ఎన్నాళ్లయిందని అడిగాడు. నెల తర్వాత మళ్లీ పరీక్ష. అందులోనూ ఆగిందంటే తుపాకి వాపసు తీసుకుంటారు, కొండ దింపుతారు, ఉద్యోగం ఉన్నన్నాళ్లూ పోలీసు లైన్లలో గడ్డి పీకుతూ మెస్సుకు నీళ్లు మోస్తూ ఉండాల్సిందే. తప్పు తుపాకిదా, మనిషిదా తేల్చి రిపోర్టు రాసే పని సుంకన్నకు అప్పజెప్పారు.

సుంకన్న ఆ మైదానంలోనే రైఫిల్ చూశాడు. బ్యారెల్‌లో కన్ను పెట్టి చూశాడు, మూత తెరిచి చూశాడు. ఎక్కడా మరక లేదు. దాని ఇనుములో మొహం చూసుకుని మీసం దువ్వుకోవచ్చు, అంత మెరుస్తోంది. ఓబులేసు పక్కన నిలబడి ఒక్క మాటా మాట్లాడకుండా తుపాకి వంకే చూస్తున్నాడు. చేసేదేం లేక సుంకన్న తిరిగొచ్చి గురువును అడిగాడు.

"సార్, వారానికొకసారి తుడిచేటోళ్ల తుపాకులన్నీ బాగా పేలతాండాయి. దినాం తుడిచే మనిషిది యెందుకు ఆగిపోతాది?"

దస్తగిరి గుడ్డ చేతికిచ్చాడు. కాసేపయ్యాక, "రేపు కొండెక్కుదాం," అన్నాడు.

కొండ ఎక్కడానికి రెండు గంటలు పట్టింది. అంతా నల్లరాయి, మధ్యమధ్య బోదగడ్డి. పైన ఒక ఇనుప స్తంభం, హోరుమంటూ మిషన్లున్న ఒక గది, దాని పక్కన ఒక రేకుల షెడ్డు. జిల్లాలో ఒక పోలీస్ స్టేషన్ నుంచి ఇంకో స్టేషన్‌కు పోయే వైర్‌లెస్ మాటలన్నీ ఆ మిషన్ల గుండానే పోతాయి. వాటికి ఇద్దరు కాపలా. ఇద్దరన్నమాటే గానీ, ఒకడు మేలుకున్నంతసేపూ ఇంకొకడు నిద్రపోవాలి. పన్నెండు గంటలకొకసారి తాళాలు చేతులు మారేటప్పుడు మాత్రం, మాటామంతీ లేకుండా, ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. ఇద్దరూ కలిసి అన్నం తిన్న పూట లేదు.

ఓబులేసు ఎదురొచ్చి సెల్యూట్ కొట్టాడు. ఏదో అనబోయాడు గానీ గొంతు పెగల్లేదు. రెండుసార్లు దగ్గి, నవ్వి, "మాట్లాడి నాలుగు దినాలాయ సార్, గొంతు అలవాటు తప్పింది," అన్నాడు.

"మేం ఈడ లేమనుకో ఓబులేసూ," అన్నాడు దస్తగిరి. "దినాం యెట్ల తుడుస్తావో అట్లనే తుడువు. చూస్తాం."

ఓబులేసు గోనెపట్టా పరిచాడు. మ్యాగజైన్ తీశాడు, చాంబర్‌లో రౌండు లేదని వేలు పెట్టి చూసుకున్నాడు. పుల్‌త్రూ తాడు చివర గుడ్డముక్క కట్టి బ్యారెల్ లోంచి మూడుసార్లు లాగాడు. ఒక్కో భాగం విప్పి, తుడిచి, వెలుతురుకు పట్టి చూసి, వేలికొసతో నూనె రాసి పక్కన పెట్టాడు. అన్ని భాగాలూ వరసగా పట్టా మీద పడుకున్నాయి. చేతులు పనిచేస్తుంటే నోరు కూడా మెల్లగా కదులుతోంది. సుంకన్న చెవి ఒగ్గి విన్నాడు. "ఈపొద్దు గాలి యెక్కువుంది. దుమ్ము పడతాది, రవ్వంత ఓర్చుకో," అంటున్నాడు ఓబులేసు, తుపాకితో.

సుంకన్నకు నవ్వు ఆగలేదు. దస్తగిరి తలతిప్పి చూశాడు. నవ్వు ఆగింది.

"దినానికి యెన్నిసార్లు తుడుస్తావు?" అని అడిగాడు దస్తగిరి.

"మూడుసార్లు సార్. యెండాకాలమైతే నాలుగు."

పని అయిపోయాక దస్తగిరి రైఫిల్ అందుకుని, ముందువైపు ఉన్న గ్యాస్ ప్లగ్గు తిప్పి ఊడదీశాడు. లోపలి నుంచి సన్నటి పిస్టన్ కడ్డీని బయటికి లాగి, తన తెల్లగుడ్డతో ఒక్కసారి తుడిచి, ఆ గుడ్డను సుంకన్న ముందు పరిచాడు. మాడిన బెల్లప్పాకం లాంటిది నల్లగా, జిగటగా గుడ్డకు అంటుకుంది. తుపాకి మొత్తంలో నూనె తగలకూడని చోటు అదొక్కటే. రౌండు పేలినప్పుడు వచ్చే వేడిగాలి ఆ గొట్టంలో దూరి పిస్టన్‌ను వెనక్కి తంతుంది. ఆ తన్నుతోనే తర్వాతి రౌండు ఎక్కుతుంది. అక్కడ నూనె ఉంటే ఆ మంటకు మాడి గట్టిపడుతుంది, పిస్టన్ కదలనని భీష్మించుకుంటుంది.

"నువ్వు మొన్న గ్యాస్ ప్లగ్గు విప్పి చూడలేదా?" అని దస్తగిరి శిష్యుణ్ని అడిగాడు.

"ఇంత శుభ్రంగా ఉండేదాన్ని లోపల చూసేదేముంటాదిలే అనుకుంటి సార్," అన్నాడు సుంకన్న. సిగ్గు కప్పుకోవడానికి వెంటనే గొంతు పెంచాడు. "గ్యాస్ భాగాలు పొడిగా ఉంచాలని పుస్తకంలో పద్నాలుగో పేజీలోనే ఉంది. తప్పు మనిషిదే సార్." జేబులోంచి కాగితం తీసి ఆ ముక్క రాయడం కూడా మొదలుపెట్టాడు.

ఓబులేసు ఆ కాగితం వంక చూశాడు. "తెలుసు సార్," అన్నాడు. "ట్రైనింగులోనే చెప్పినారు. మొదట్ల పొడిగానే పెడతాంటి. మా ఆడమనిషి పోయి మూడేండ్లాయ. సీరియస్‌గా ఉందని కబురు ఈ కొండకు వచ్చేతలికి రెండు దినాలు పట్టింది. ఆ తర్వాత నుంచే ఇట్లయింది సార్. అన్నిటినీ తుడిచి, అన్నిటికీ ఇంత నూనె పెట్టి, ఆ ఒక్కదాన్ని ఒట్టిగా వదిలిపెట్టబుద్ధి కాలేదు."

పక్కగదిలో మిషన్లు హోరుమంటున్నాయి. ఓబులేసు అటువైపు గడ్డం ఎత్తి చూపించాడు.

"జిల్లాలో మాటలన్నీ నా నెత్తి మీదనే పోతాయి సార్. దొంగతనాలు, యాక్సిడెంట్లు, పెద్దోళ్ల రాకపోకలు. పదమూడేండ్లుగా ఇంటాండ. వైర్‌లెస్ సెట్టులో సొంతమాట మాట్లాడగూడదని రూలు. నేనూ మాట్లాడలేదు, నాకోసరమూ యెవరూ మాట్లాడలేదు. ఆ తుపాకి గూడా తీసుకుంటే కిందికి దిగి నేను యెవరి మొహం చూడాల?"

సుంకన్న సగం రాసిన కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. దస్తగిరి మాత్రం ఏమీ విననట్టే లేచి, ఓబులేసు వండిన జొన్నరొట్టె, చెనిక్కాయల ఊరిమిండి పచ్చడి అడిగి పెట్టించుకుని కడుపునిండా తిన్నాడు. చేతులు కడుక్కుని, టోపీ సర్దుకుని, ఆఫీసరు గొంతుతో చెప్పాడు.

"ఇంగ దినానికి ఒక్కసారే తుడుపు. పిస్టన్ పొడి. తుడిచినాక సాయంత్రం ఐదింటికి సెట్టులో ఆయుధాల గదికి రిపోర్టియ్యాల, పిస్టన్ పొడిగా ఉందా లేదా అని. సుంకన్న తీసుకుంటాడు. ఒక్కదినం తప్పినా నేను ఊరుకోను. ఇది ఆర్డరు."

ఓబులేసు మడమలు కలిపి సెల్యూట్ కొట్టాడు.

కొండ దిగుతూ సుంకన్న ఉండబట్టలేక అడిగాడు. "ఇట్లాంటి రిపోర్టు యే రూల్లో ఉంది సార్?" దస్తగిరి జేబులోంచి గుడ్డ తీసి ఇచ్చాడు. ఇక్కడ తుడవడానికి తుపాకి లేదే అని సుంకన్న తెల్లబోయి చూస్తే, "మొగం తుడుచుకో, చెమట పట్టింది," అన్నాడు.

మొదటిరోజు సరిగ్గా ఐదింటికి ఆయుధాల గదిలోని సెట్టు గరగరమంది. "కొండ మాట్లాడతాండ సార్. పిస్టన్ పొడిగా ఉంది. ఓవర్." సుంకన్న "సరే" అని పెట్టేశాడు. రెండోరోజూ అంతే, మూడోరోజూ అంతే. ఇంత చదువు చదివి, రోజూ ఒక కడ్డీ పొడిగా ఉందన్న వార్త వినడానికా నేను వచ్చింది అని విసుక్కున్నాడు. ఐదోరోజు రిపోర్టు కాస్త పొడుగైంది. "పిస్టన్ పొడిగా ఉంది సార్. మబ్బు పట్టింది గానీ కురవలేదు. ఓవర్." వాన వస్తే తేమ వస్తుంది, తేమ వస్తే పిస్టన్ తడుస్తుంది, కాబట్టి మబ్బు సంగతి రూలుకు లోబడిందే. తర్వాతి రోజు కోతులొచ్చాయి. అవి తుపాకి పట్టుకుంటాయేమోనని లోపల పెట్టాడు కాబట్టి అదీ రూలుకు లోబడిందే. ఎనిమిదోరోజు సుంకన్నే నోరు జారాడు. "ఈపొద్దు ఏం కూర చేసుకున్న్యావు?" అని అడిగేసి, నాలిక్కరుచుకుని, "అంటే, చేతికి నూనె అంటిందేమోనని అడుగుతాండ. ఓవర్," అని సర్దుకున్నాడు. అవతల ఓబులేసు, "వంకాయ సార్. చేతులు సబ్బుతో కడిగినాను. ఓవర్," అన్నాడు.

ఆ ఐదింటివేళ దస్తగిరి కూడా టీ గ్లాసు పట్టుకుని వచ్చి స్టూలు మీద కూచునేవాడు. ఒక్కమాటా కలిపేవాడు కాదు. టీ అయిపోయేసరికి రిపోర్టూ అయిపోయేది.

ఇంకో మూడురోజుల్లో పరీక్ష ఉందనగా దస్తగిరి పాడైన తుపాకులు తీసుకుని హెడ్‌క్వార్టర్స్‌కు వెళ్లాడు. పైన పెద్దాయన లేడు, ఒక్కరోజుకు కొంపలేం మునిగిపోవు అనుకుని సుంకన్న మ్యాట్నీకి పోయాడు. సినిమా అయ్యాక బజారులో కాఫీ తాగి, ఏడింటికి తీరిగ్గా వచ్చాడు. వైర్‌లెస్ ఆపరేటర్ పక్కగది గుమ్మంలోనే ఎదురయ్యాడు. "మీ కొండాయన ఆరున్నర దాకా పిలుస్తానే ఉన్న్యాడు. నేను పలికితే, నీకు కాదు, ఆయుధాల గదికే చెప్పాలన్న్యాడు," అని చెప్పిపోయాడు.

మర్నాడు నాలుగున్నరకే సుంకన్న సెట్టు ముందు కూచున్నాడు. ఐదైంది. సెట్టు పలకలేదు. ఐదూ పది. పలకలేదు. లేచి నిలబడ్డాడు, కూచున్నాడు, తుడిచిన తుపాకినే మళ్లీ తుడిచాడు. ఒక మనిషి గొంతు కోసం ఇంతగా ఎదురుచూసి ఎన్నాళ్లయిందో అతనికి గుర్తురాలేదు. చివరికి తనే పిలిచాడు. ఒకసారి, రెండుసార్లు. మూడోసారికి ఓబులేసు పలికాడు.

"పిస్టన్‌కు నూనె పెట్టినాను సార్. నిన్న రెండుసార్లు, ఈపొద్దు మూడుసార్లు. చెయ్యి నిలవలేదు. రిపోర్టు రాసుకోండి. ఓవర్."

సుంకన్న కళ్లు సొరుగు మీద పడ్డాయి. తప్పు మనిషిదేనని కొండ మీద సగం రాసిన రిపోర్టు అందులోనే ఉంది. రూలు ప్రకారం ఇప్పుడు దాన్ని పూర్తి చేయాలి.

"నిన్న ఐదింటికి ఆయుధాల గదిలో ఉండాల్సినోడు లేకపాయ," అన్నాడు సుంకన్న. "మొదటి తప్పు వానిది. రాస్తే అది ముందు రాయాల. గ్యాస్ ప్లగ్గు విప్పి, పిస్టన్‌ను పొడిగుడ్డతో తుడువు. నువ్వు తుడిచేదాకా నేను ఈడనే ఉంటా. ఓవర్."

ఓబులేసు తుడిచాడు. ప్లగ్గు ఊడింది అన్నాడు. పిస్టన్ బయటికొచ్చింది అన్నాడు. గుడ్డ నల్లబడింది, ఇంకో గుడ్డ తీసినాను అన్నాడు. సుంకన్న ఒక్కోదానికీ ఊ కొట్టాడు. జిల్లాలో ఏ స్టేషన్ ఏ కబురు చెప్పుకోవాలనుకుందో గానీ, ఆ సాయంత్రం ఇరవై నిమిషాల పాటు ఆ కొండ మీదుగా ఒక్క కడ్డీ సంగతి తప్ప ఇంకోమాట పోలేదు. ఆపరేటర్ వచ్చి, నీకేమన్నా పిచ్చి పట్టిందా అని అరిచాడు. సుంకన్న చేత్తో అతన్ని ఆగమన్నాడు.

పరీక్ష రోజు మైదానంలో ఓబులేసు గోనెపట్టా మీద బోర్లా పడుకుని రైఫిల్ భుజానికి ఆనించుకున్నాడు. ఈసారి ఇరవై రౌండ్లు. ముందురోజే తిరిగొచ్చిన దస్తగిరి ఎక్కడో వెనక నీడలో నిలబడ్డాడు. సుంకన్న మాత్రం ఓబులేసు పక్కనే నిలబడి వేళ్లు మడుచుకుంటూ లెక్కపెట్టాడు. మూడో రౌండు దగ్గర, మొదటిసారి ఆగింది అక్కడే కాబట్టి, ఊపిరి బిగబట్టాడు. పేలింది. ఏడు, పదకొండు, పదిహేను. ప్రతి పేలుడుకూ ఒక ఇత్తడి తొడుగు ఎగిరి గడ్డిలో పడింది. ఇరవయ్యోది కూడా పడింది. ఓబులేసు వెంటనే లేవలేదు. చెంప తుపాకికి ఆనించి అలాగే కాసేపు పడుకున్నాడు. లేచాక సుంకన్నను చూసి, పిస్టన్ పొడిగా ఉంది సార్ అని నోట్లోనే అన్నాడు. ఓవర్ అనడం కూడా మరిచిపోలేదు.

సుంకన్న సొరుగులోని పాత రిపోర్టు చించేసి కొత్తది రాశాడు. తుపాకిలో లోపం లేదు, నూనె వేసే పద్ధతిలో చిన్న పొరపాటుండగా సరిదిద్దడమైనది, ఇదే మనిషికి ఇదే ఆయుధం ఉంచదగును అని. ఆయుధాల గదిలో ఒకరోజు మనిషి లేకపోవడం గురించి కూడా ఒక వాక్యం రాశాడు. దాన్ని చదివిన అధికారికి అదేమిటో అర్థం కాలేదు. అర్థం కాకుండానే సంతకం పెట్టాడు. ఓబులేసు తుపాకి భుజాన వేసుకుని కొండెక్కాడు.

మర్నాడు సాయంత్రం ఐదుకు ఇంకా కొన్ని నిమిషాలుంది. దస్తగిరి టీ గ్లాసుతో వచ్చి స్టూలు మీద కూచున్నాడు. సుంకన్న గడియారం వంక చూశాడు. అడిగితే వద్దంటాడేమోనని భయం, అడగకపోతే రూలు ఒప్పుకోదు. చివరికి అడిగేశాడు.

"సార్, పరీక్ష అయిపాయ. పిస్టన్ సంగతి ఆయనకు బాగా తెల్సిపాయ. ఈ రిపోర్టు ఇంగ యెన్నాళ్లు తీసుకోవాల?"

అలవాటుగా గుడ్డ కోసం చెయ్యి చాపాడు. దస్తగిరి ఇవ్వలేదు. సెట్టు గరగరమంది. ఆయన స్టూలును దానికి కొంచెం దగ్గరగా జరుపుకున్నాడు.

"తుపాకి కోసమైతే, అది నిన్నటితోనే అయిపాయ నాయనా."